పెద్దమ్మ ఆడితేనే ఆట: సిరోంచ కంప్యూటర్ గదిలో నా కొలువు

"సోమవారం స్వప్న చేపల ఆట ఉన్నది. నేను రాకున్నా నువ్వు ఆడు," అన్నాడు మా సారు.

"నోర్మూసుకొని పండుకో జర," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. పట్టపగలు, మా ఇంటి ముందు, అంబులెన్స్ తలుపు వేయబోతుండగా. ఆయన నవ్వాడు. బండి గోదావరి వంతెన దాటి భూపాలపల్లి దిక్కు పోయింది. నా తమ్ముడు తోడెక్కాడు. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయిందని వాడే ఫోన్ చేశాడు.

కట్టుకున్నవాడితో ఆఖరున అనవలసిన మాటేనా అని చాలామంది అడిగారు. ముఖం మీదే అడిగారు. నోర్మూసుకో అన్న మాట మా కంప్యూటర్ గదిలో తిట్టు కాదు. మా పని మొత్తం ఆ మాట మీదే నడిచింది. అందుకే ఆయన నవ్వాడు. ఆయనతోపాటు ఆ గదికీ తాళం పడవలసిందే. పడుతుందా లేదా అన్న భయంతోనే ఆ తర్వాతి రోజులు గడిచాయి. ఆ సంగతీ, నేను చేసిన కొలువు సంగతీ చెప్పాలని కూర్చున్నాను. జిమల్‌గట్ట వైపు కూడా ఇలాంటి గదులు తెరుస్తారట. అక్కడ చేరబోయే పిల్లలు వింటే మంచిది.

నేను చెబుతుంటే నా తమ్ముని బిడ్డ లావణ్య రాస్తోంది. నాకు రెండో తరగతితోనే బడి అయిపోయింది. తమ్ముణ్ణి చంకనేసుకొని తిరగడానికి ఇంట్లో మనిషి కావలసి వచ్చింది. "నా బడి మింగినోడు మీ నాయననే," అని ఇప్పుడే దానితో అన్నాను. "అది గూడ రాయాల్నా అత్తా?" అంది. రాయమన్నాను. నా మాటను కాగితానికి తగ్గట్టు దిద్దుకో, సంగతి మాత్రం మార్చకు అని చెప్పాను.

గది

మా ఇరువైపుల పెద్దలూ ప్రాణహిత ఒడ్డున పరాయి మళ్ళలో నాట్లు వేసి బతికినవాళ్ళు. ఆ ఇళ్ళలోంచి కాలేజీ దాకా పోయిన మొదటి మనిషి మా సారు. ఆయన పేరు నేను నోట పలకను. పిల్లలు సారు అనేవారు, నేనూ అదే అన్నాను. గడ్చిరోలిలో ఉన్న ఒక సంస్థవాళ్ళు సిరోంచలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే గది తెరిచి ఆయన్ని పంతులుగా పెట్టారు. నన్ను మదత్‌నీస్‌గా పెట్టారు. మరాఠీలో అంటే సాయం చేసే ఆడమనిషి. ఊడవడం, తుడవడం, నీళ్ళు పట్టడం, తాళం వేయడం. కాగితం మీద నా కొలువు అదే, చివరిదాకా అదే.

మొదట్లో సారు అందరిలాగే నేర్పాడు. బోర్డు మీద రాసేవాడు, పిల్లలు చూసి ఎక్కించుకొనేవారు, మర్నాడు అప్పజెప్పేవారు. చీపురు పట్టుకొని వింటుంటే నాకే కొన్ని మాటలు నోటికొచ్చాయి. పిల్లలకూ అంతే, నోటికొచ్చాయి. యంత్రం ముందు కూర్చోబెడితే చేయి కదిలేది కాదు. సారు బయటికి పోతే మాత్రం అవే చేతులు వీడియో గేమ్‌ల మీద ఆగకుండా ఆడేవి.

ఒకరోజు కిటికీలోంచి చూసి నన్ను పిలిచాడు.

"సూడు వీళ్ళను. నేను చెప్పేటప్పుడు ఆవలిస్తరు. ఇప్పుడు పిలిస్తె గూడ పలుకుతలేరు."

"రెండు తగిలియ్యి మరి."

"తగిలిచ్చుడు ఎందుకు? ఆటలే నేర్పిస్త. ఆడుడు కాదు, చేసుడు."

అప్పటినుంచి మా గదిలో పాఠమంటే ఆట తయారు చేయడమే. తెర మీద రంగురంగుల ముక్కలు ఉంటాయి. ఒక్కో ముక్క ఒక్కో ఆజ్ఞ. నడువు, ఆగు, తగిలితే వెనక్కి తిరుగు, మళ్ళీ మళ్ళీ చెయ్యి. వాటిని ఒకదాని కింద ఒకటి అతికిస్తే బొమ్మ కదులుతుంది. చేయి తిరిగాక పెద్ద పిల్లలు ముక్కలు వదిలేసి అక్షరాలతోనే ఆజ్ఞలు రాస్తారు. ప్రోగ్రామింగ్ అంటే యంత్రానికి అనుమానం రాకుండా పని చెప్పడమే అనేవాడు సారు. మా అత్త నాకు పని చెప్పినట్టు కాదన్నమాట. ఆమె సగం చెప్పి మిగతా సగానికి తిట్టేది. యంత్రాన్ని తిడితే పని కాదు.

కుర్చీ

పిల్లలు ఆటలు చేయడం మొదలుపెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. ఒకరి ఆట ఒకరు ఆడేవారు. ఆడేముందే చెవిలో అన్నీ చెప్పుకొనేవారు. ఇక్కడ నొక్కు, అక్కడ దుంకు, ఆ గుంట దగ్గర జాగ్రత్త. అందరి ఆటా బ్రహ్మాండమే.

ఒక మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి పోయాను. తిరుపతి అనే పిల్లవాడు కుందేలు ఆట చేసి గంతులేస్తున్నాడు. సారు నన్ను చూసి, "నువ్వు కూసో, ఆడు," అన్నాడు.

"నాకేమొస్తది?"

"రాదు గాబట్టే కూసోమంటున్న."

కూర్చున్నాను. తెర మీద కుందేలు నిలబడి ఉంది, ముందర గుంట ఉంది. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. ఎంతసేపు కూర్చున్నా అది కదలదు. పిల్లలు ఆగలేకపోయారు. "పెద్దమ్మా, కింద పొడుగు మీట! పొడుగు మీట నొక్కు!"

"నోర్మూసుకోండ్రి!" అన్నాడు సారు. గది అదిరింది. తిరుపతి వైపు తిరిగాడు. "రేపు అంకిస ఊర్ల ఎవలన్న నీ ఆట ఆడితె, పొడుగు మీట నొక్కుమని చెప్పెతందుకు నువ్వు బస్సెక్కి పోతవార?"

"పోను సార్."

"మరి ఎవలు చెప్తరు?"

నాకు విసుగొచ్చి లేచాను. "అన్నం సల్లారుతున్నది, నాకీ కుందేలు వద్దు," అన్నాను.

"సూసినవా? లేచిపోయింది," అన్నాడు సారు. "ఓడింది పెద్దమ్మ కాదురా. నీ ఆట ఓడింది."

మర్నాడు తిరుపతి ఆటలో కుందేలు తనంతట తానే ఒకసారి దుంకి చూపించింది, కింద పొడుగు మీట బొమ్మ మెరిసింది. నేను నొక్కాను. కుందేలు గుంట దాటింది. నేను చెప్పినట్టు విన్న మొదటి ప్రాణి ఆ కుందేలే.

అప్పటినుంచి నియమం పడింది. ఎవరు ఆట చేసినా పెద్దమ్మ ఆడితేనే అది ఆట. నేను కుర్చీలో కూర్చున్నంతసేపు ఆట చేసినవాళ్ళు వెనక నిలబడాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. నోరు మూసుకోవాలి. నా చేయి ఎక్కడికి పోతుందో, నా కన్ను ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఆడే మనిషి ఏమైనా అనవచ్చు, తిట్టవచ్చు, అడగవచ్చు. జవాబు మాత్రం రాదు. నేను కుర్చీలోంచి లేచాకే ఎవరి నోరైనా తెరుచుకోవాలి. కాగితం మీద లేని నా అసలు కొలువు అది.

తిరుపతి బర్రెలు

తిరుపతిదే ఇంకో ఆట చెప్పాలి. వరి మడి, మడిలోకి బర్రెలు దిగుతుంటాయి. కావలివాడు రాళ్ళు విసరాలి. తగిలిన బర్రెకల్లా మార్కులు. నేను కావలివాణ్ణి నడిపించి, కంచె తెగిన చోట, బర్రెలు వచ్చే దారిలోనే నిలబెట్టాను. బర్రెలు వాడి కడుపులోంచి దూరి నడిచిపోయాయి.

"ఇదేం బర్రెరా, మనిషిల నుంచి పోతది?" అన్నాను. వెనక తిరుపతి ఊపిరి బిగబట్టాడు. నేను లేచాక వాడికి ఏడుపొక్కటే తక్కువ.

"రాయి కొట్టాలె పెద్దమ్మా! ఆట అదే."

"నేను బర్రెను కొట్ట. మీ ఇంట్ల కొడ్తరా?"

"మా నాయన కొడ్తడు."

"పాలిస్తదా మరి ఆయనకు?"

"మా అమ్మకిస్తది," అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. సారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పిలిచాడు. ఇప్పుడు కావలివాడు అడ్డం నిలబడితే బర్రె ఆగి వెనక్కి తిరుగుతుంది. తెగిన చోట కంప అడ్డం పెడితే ఇక రానే రాదు. "ఫలానాది జరిగితే ఇది చెయ్యి, లేకుంటే అది చెయ్యి" అన్న పాఠాన్ని వాడు అంతకుముందు నెల రోజులు అప్పజెప్పాడు. వాడికి అది వచ్చింది ఆ బర్రె దగ్గరే. ఇప్పుడు నాగపూర్‌లో కంప్యూటర్ కొలువే చేస్తున్నాడు. నాకు గర్వం అందుకు కాదు. సెలవుకు వచ్చినప్పుడు తన పని ఫోన్‌లో తెచ్చి నా చేతిలో పెట్టి, వెనక్కి పోయి చేతులు కట్టుకొని నిలబడతాడు చూడు, అందుకు.

మౌసు ఎవరి చేతిలో

సారు పొరపాట్లు చేయలేదా అంటే చేశాడు. యంత్రాలు తక్కువని ఒకదానికి ఇద్దర్ని కూర్చోబెట్టాడు. ఆడపిల్ల పక్కన మగపిల్లవాడు ఉంటే మౌసు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కరలేదు. అంకిస నుంచి బస్సులో వచ్చే స్వప్న అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాయన గోదావరిలో చేపలు పడతాడు. ఆ పిల్ల పక్కవాడికి గుసగుసగా చెప్పేది, వాడు చేసేవాడు, ఆట వాడి పేరు మీద పోయేది. నేల తుడిచే మనిషికి చేతులే కనిపిస్తాయి.

"ఆ అంకిస పిల్ల చెయ్యి మౌసు మీద నేను ఒక్కసారన్న సూడలే," అన్నాను ఇంట్లో.

"తనే వద్దంటదేమో."

"అడిగినవా?"

మర్నాడు అడిగాడు. ఆ రోజునుంచి స్వప్నకు విడిగా యంత్రం. మొదట మిగతావాళ్ళు గొణిగారు. ఆ తర్వాత వాళ్ళే ఆ పిల్ల దగ్గరికి పోయి, "అక్కా, నా బొమ్మ ఆగుతలేదు, సూడరాదే," అని బతిమాలేవారు. కొత్తగా పనిలో చేరేవాళ్ళకు చెబుతున్నాను. మొదటి వారం పాఠం సంగతి ఎలా ఉన్నా, మౌసు ఎవరి చేతిలో ఉందో చూడండి.

ఇంకో మాట. గదిలోకి వచ్చే ప్రతి పిల్లా ఆట చేయదు. కొందరు ఆడుకోవడానికే వస్తారు. తరమొద్దు. అలాగని వాళ్ళకే యంత్రాలు వదిలేయనూవద్దు. అడ్డం తిరిగే తండ్రులు కూడా వస్తారు. స్వప్న నాయన ఒకసారి తలుపులో నిలబడి, "నేను నీళ్ళల్ల నానుకుంట ఫీజు గడితె, మీరు గేములాడిపిస్తున్నరా?" అని అరిచాడు. సారు ఏమీ వాదించలేదు. "నీ బిడ్డ వల ఎట్ల పడ్తదో నన్నడుగుతున్నది. నాకు తెల్వది. నువ్వు చెప్పరాదు?" అన్నాడు. స్వప్న నాయన చెప్పులు విడిచి లోపలికొచ్చి పొద్దుగూకేదాకా చెప్పాడు. చేపల ఆట అలా పుట్టింది.

సారు లేని సోమవారం

శనివారం ఆయన పోయాడు. సోమవారం పొద్దున మగవాళ్ళు మూడోనాటి పిట్టకు ముద్ద పెట్టి వచ్చారు. నేను మూల కూర్చున్నాను. దినాలు అయ్యేదాకా ముండమోసిన మనిషి గడప దాటకూడదు మాలో. ఇల్లంతా చుట్టాలు. సారు చిన్న చెల్లెలు రాజవ్వ అందరికన్నా గట్టిగా ఏడుస్తోంది.

బయట అలికిడైంది. స్వప్న నిలబడి ఉంది, వెనక గది పిల్లలంతా ఉన్నారు. అప్పటికి ఆ పిల్ల సిరోంచ కాలేజీలో చదువుతూ చిన్నవాళ్ళకు నేర్పడంలో సారుకు సాయం చేసేది. చేతుల్లో సారు ల్యాప్‌టాప్, తువ్వాలలో చుట్టి.

రాజవ్వకు అర్థమైంది. "ఏందే ఇది? దినాలన్న గాలే. మా అన్న బూడిద సల్లారలే. గేమ్ ఆడిపిచ్చెతందుకు వచ్చిండ్రా?"

స్వప్న తల దించుకొని వెనక్కి తిరిగింది.

"ఆగు పిల్లా," అన్నాను మూలనుంచి. "సారు చెప్పి పోయిండు. లోపటికి తే."

"వదినె, నీకు మతి పోయిందా?" అంది రాజవ్వ.

"పోతె పోయింది. నేను గడప దాటుతలేను గద. ఆటనే గడప దాటి వచ్చింది."

ల్యాప్‌టాప్ పీట మీద పెట్టారు. నా చేతులకు గాజులు ఇంకా ఉన్నాయి. దినాల నాడు తీస్తారు. మీట నొక్కినప్పుడల్లా గాజులు మోగాయి. శనివారం నుంచి ఆ ఇంట్లో ఏడుపు కాని చప్పుడు అదే మొదటిది.

తెర మీద గోదావరి, పడవ, అడుగున చేపలు. వల వేశాను. చేప ఉన్నచోటే వేశాను. వల నీళ్ళలో మెల్లగా దిగేసరికి చేప వెళ్ళిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఖాళీ. పిల్లలు గోడకు ఆనుకొని చేతులు వెనక్కి కట్టుకొని ఉన్నారు. తిరుపతి ఉండబట్టలేక, "జర ముంగట..." అన్నాడు.

అందరి కళ్ళూ నా వెనక ఖాళీ చోటు వైపు పోయాయి. సారు నిలబడే చోటు. అక్కడ ఆ మాట అనేవాడు లేడు.

"నోర్మూసుకో తిరుపతీ," అన్నాను నేనే.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మూడు రోజులు ఏడ్చి బొంగురుపోయిన ఆ గొంతు ఇప్పటికీ మళ్ళీ సాఫు కాలేదు. మళ్ళీ తెర వైపు చూశాను. చేప ఎటు ఈదుతోందో చూసి, దానికి ముందర వేశాను. వల దిగింది, చేప వచ్చి అందులో చిక్కింది.

"పడ్డది!" అని అరిచాను. నవ్వాను కూడా. ఏడ్చే ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఊరుకున్నారు.

"వదినె, నవ్వుతున్నవా?" అంది రాజవ్వ.

"పడ్డది గదనే. సూడరాదు."

"ఏది?" అని కళ్ళు తుడుచుకొని నా భుజం మీదుగా వంగింది. "గింత చిన్నదేనా? ఇంకోటెయ్యి."

నేను పీట ముందునుంచి జరిగాక స్వప్న నోరు తెరిచింది. "వల నీడ నీళ్ళల్ల కనిపిస్తలేదు పెద్దమ్మా. నువ్వు ఊకె పడవనే సూసినవ్. నీడ పెడ్త," అంది, కళ్ళ నీళ్ళు చున్నీతో తుడుచుకుంటూ. సారు ఉన్నా ఆ మాటే అనేవాడు. అప్పుడు నాకు తెలిసింది, ఈ పిల్ల నేర్పగలదు. కానీ సంస్థవాళ్ళకు ఎలా తెలియాలి?

సాహెబ్ వచ్చిన రోజు

దినాలు అయిన వారానికి గడ్చిరోలి నుంచి సంస్థ సాహెబ్ వచ్చాడు, వెంట ఖాళీ వ్యాను. చెడ్డవాడు కాదు. సారు ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత మరాఠీలో తన మాట చెప్పాడు. పంతులు లేని గదిలో యంత్రాలు దుమ్ము పట్టడం ఎందుకు, వేరే ఊరి పిల్లలకు పనికొస్తాయి, తీసుకుపోతాను అని. ఆయన దిక్కునుంచి చూస్తే తప్పు లేదు.

"మీ శికవతే, సాహెబ్," అంది స్వప్న. నేను నేర్పుతున్నాను అని. మా పిల్లల బడి మరాఠీలోనే, మాటకు తడుముకోరు.

సాహెబ్ ఆమెను ఎగాదిగా చూశాడు. "బరం, సరే. ఏం నేర్పుతున్నావో చూపించు," అని, చూపించడానికి వీలుగా తెర ముందున్న కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుర్చీలో.

నేను బయట కుండలో నీళ్ళు పడుతున్నాను. లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. సాహెబ్ కూర్చోగానే చిన్నాపెద్దా అందరూ వెనక వరుసగా నిలబడ్డారు, చేతులు కట్టుకున్నారు. తెర మీద చేపల ఆట ఉంది.

"ఏం నొక్కాలి?" అన్నాడు సాహెబ్. జవాబు లేదు.

"ఇది ఎవరు చేశారు?" జవాబు లేదు.

"నువ్వు ఏ తరగతి పాపా?" అని ఒక చిన్నపిల్లను అడిగాడు. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మీ పంతులమ్మకు కూడా మాటలు రావా?" అని స్వప్న వైపు తిరిగాడు. ఆట స్వప్నది. అందరికన్నా గట్టిగా పెదవులు బిగించి నిలబడింది ఆమే. సారు చనిపోయినా ఆ నియమం ఆ పిల్లల్లో ఎంత బతికి ఉందంటే, గది పోతున్నా ఒక్కరి నోరూ పెగల్లేదు.

సాహెబ్‌కు కోపమొచ్చింది. మీటలు టపటపా కొట్టాడు. ఏమీ నేర్చుకోలేదనుకున్నాడు, లేదంటే పొగరనుకున్నాడు. కిటికీలోంచి డ్రైవర్‌ను కేకేశాడు, యంత్రాలు ఎక్కించమని. డ్రైవర్ ఒకదాన్ని మోసుకొని నా పక్కనుంచే పోయాడు. చెంబు అక్కడే వదిలేశాను.

లోపలికి ఉరికాను. వరుస చూశాను, కుర్చీ చూశాను, కుర్చీలో సాహెబ్‌ను చూశాను. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది.

"సాహెబ్, మీరు ముందుగాల కుర్చీలకెళ్ళి లెవ్వుండ్రి," అన్నాను.

ఆయన తెల్లబోయాడు. "నేనెందుకు లేవాలి?"

"లెవ్వుండ్రి జర. మీ కాళ్ళు మొక్కుత."

లేచాడు.

అంతే. గది మొత్తం ఒక్కసారిగా మొత్తుకుంది. అందరూ మరాఠీలో, తెలుగులో, ఒకరి మీద ఒకరు. "సాహెబ్, మీరు మీద మూలకే సూసిండ్రు, అక్కడ ఏం లేదు!" "బాణం మీట మీకు దొరకలేదు, దాని బొమ్మ పెద్దగ చెయ్యాలె!" "చేప మీ పడవకే భయపడ్డది!" నోరు మూసుకున్న ఆ చిన్నపిల్ల అందర్నీ నెట్టుకొని ముందుకొచ్చింది. "మీకు కోపమొచ్చినంక పడవ గట్టెక్కింది సాహెబ్! పడవ గట్టెక్కొద్దు గదా అక్కా? గట్టు తగిలితె ఆగాలె గదా?"

స్వప్న నాలుక కరుచుకుంది. అది నిజంగానే ఆమె చూడని తప్పు. మేమెవ్వరమూ అంత కోపంగా ఎన్నడూ ఆడలేదు మరి. అక్కడే ఆజ్ఞల ముక్కలు తెరిచింది. ఒకటి తీసింది, ఇంకొకటి అతికించింది. పడవ గట్టు తగిలి ఆగింది. సాహెబ్ ఆ చిన్నపిల్లనే అడిగాడు, ఎందుకు ఆగిందో చెప్పమని. ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కో ముక్కా చూపిస్తూ చెప్పింది. ఆ ముక్క తీసేస్తే ఏమవుతుందో కూడా చెప్పింది. సాహెబ్ తీసి చూశాడు. పడవ మళ్ళీ గట్టెక్కింది. ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

"ఇంతసేపు ఎందుకు మాట్లాడలేదు రే మీరు?"

"మీరు ఆడుతున్నారు కదా," అంది స్వప్న.

నియమం సంగతి నేను చెప్పాను. సాహెబ్ బయటికి పోయి డ్రైవర్‌తో, "ఉతరవా," అన్నాడు. దించమని. స్వప్నను ఆ గదికి పంతులమ్మగా పెట్టించింది ఆయనే. పోతూ పోతూ నాతో అన్నాడు, "బాయి, ఆ నియమం తలుపు మీద రాసిపెట్టించండి. నాలాంటి వాళ్ళ కోసం."

స్వప్న రాసింది, తెలుగులోనూ మరాఠీలోనూ. నాకు చదవరాదు, కానీ అందులో ఏముందో సిరోంచలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నాకు ఆట వచ్చేసింది

ఆ గదిలో చాలా ఏళ్ళు ఆడాను. ఈ మధ్యే మానేశాను. కళ్ళు బాగానే ఉన్నాయి, చేతులు బాగానే ఉన్నాయి. మానడానికి కారణం వేరు.

ఒక పిల్లవాడు కోతి ఆట చేశాడు. నేను కూర్చున్నాను, చకచకా ఆడేశాను, లేచాను. బాగుందన్నాను. అదే ఆటను స్వప్న జిమల్‌గట్ట ఆశ్రమశాలకు తీసుకుపోయింది. అక్కడి గోండు పిల్లలు ఎప్పుడూ మీట ముట్టనివాళ్ళు. కోతి చెట్టు మీదే కూర్చుంది. ఒక్క పిల్లా దాన్ని దించలేకపోయింది. అచ్చం నా కుందేలు లాగే.

స్వప్న వచ్చి చాలాసేపు ఇటూ అటూ తిరిగింది. "పెద్దమ్మా, ఒక మాటంట, ఏమనుకోవద్దు."

"అను."

"నువ్వు ఆగుతలేవు. కూసోంగనే నీ చెయ్యి పొడుగు మీట మీదికే పోతున్నది."

నిజమే. పిల్లలు ఏ ఆట తెచ్చినా నా వేలికి ముందే తెలుస్తోంది. ఏమీ రాదు కాబట్టే కదా సారు నన్ను కూర్చోబెట్టింది? ఇప్పుడు వచ్చేసింది. ఆ కొలువుకు ఇక నేను పనికిరాను.

బాధ పడలేదా అని లావణ్య అడుగుతోంది. ఎందుకు పడతాను? రెండో తరగతి మనిషిని, ఆ గదిలో నేర్చుకోనిది నేనొక్కదాన్నే అనుకున్నాను. నాకే తెలియకుండా నేనూ నేర్చుకున్నాను. మా గది నుంచి ఎందరో పిల్లలు చదివి బయటికొచ్చారు. వాళ్ళ వెంట నేనూ వచ్చాను.

"నన్ను తీసెయ్యి," అన్నాను స్వప్నతో. "ఆ కుర్చీకి ఏం తెల్వని మనిషిని చూస్త."

ఎక్కువ వెతకనక్కరలేకపోయింది. ఇప్పుడు అందులో రాజవ్వ కూర్చుంటోంది. సారు చిన్న చెల్లెలే. మొదటి రోజు, "నాకేమొస్తది వదినె?" అంది. రాదు కాబట్టే కూర్చో అన్నాను. పిల్లలను నాకన్నా ఎక్కువ తిడుతుంది. "ఏం ఆటరా ఇది, నా సావుకొచ్చింది!" అంటుంది. వాళ్ళు వెనక చేతులు కట్టుకొని నవ్వు ఆపుకుంటూ నిలబడతారు. మంచి మనిషి దొరికింది. ఆమె కూడా నేర్చేసుకోకముందే ఇంకొకరిని చూసి పెట్టుకోమని స్వప్నకు చెప్పాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. నేర్పడమంటే ఎప్పుడూ చెప్పడం కాదు. మీరు చేసింది ఇంకొకరి చేతిలో పెట్టి, వెనక్కి జరిగి, నోరు మూసుకొని చూడండి. వాళ్ళు ఆగినచోటే మీ పని మిగిలి ఉందన్నమాట. అది కష్టం. గొంతులోకి వచ్చిన మాట మింగడం కష్టం. సారుకు కూడా కష్టంగానే ఉండేది, వెనక ఆయన పళ్ళు కొరకడం నాకు వినబడేది.

ఇగ అయిపోయింది లావణ్యా. రాసింది సాలు. ఇప్పుడు మొదటికెళ్ళి సదువు. మెల్లగ సదువు. ఇది నేను చేసిన ఆట అనుకో, ఆడేది నువ్వు. నువ్వు యాడ తడబడ్తవో, యాడ నీకు సమజ్ కాదో, ఆడ నేను చెప్పుడు తప్పినట్టు. నేను గీ ఎనుక కూసుంట, చేతులు కట్టుకుంట. నడుమల ఆగలేక నేనేమన్న అన్ననుకో, నోర్మూసుకో అత్తా అను. ఏం కాదు, అను. మీ మామను నేనన్నప్పుడు ఆయన నవ్విండు. నేను గూడ నవ్వుత. ఊఁ, సదువు.